వెలుతురు ఎక్కడ పడిందో అంచులు చెబుతాయి

(తిరుపతిలో డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండమ్మా. ఇవాళ నేను చూపించేవన్నీ చిన్న చిన్న వస్తువులు, అంత దూరం నుంచి కనబడవు. ఆ స్విచ్‌బోర్డు పక్కనున్న బాబు, లైట్లు ఒక్క నిమిషం ఆపు నాయనా.

నా చేతిలో రెండు యాక్రిలిక్ ముక్కలున్నాయి. రెండూ మూడు మిల్లీమీటర్ల మందమే. ఒకటి రంగులేనిది. రెండోది సైన్‌బోర్డులు చేసే షాపులో దొరికే ఫ్లోరసెంట్ ఆకుపచ్చ షీటు. వాళ్ల దగ్గర అక్షరాలు కోయగా మిగిలిన ముక్కలు మూలన పడుంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. ఇది నీలం ఎల్ఈడీ టార్చి. రంగులేని ముక్క మధ్యలో వేస్తున్నాను. చూడండి, నీలం మచ్చ నా అరచేతి మీద పడింది, ముక్క అంచులు మాత్రం చీకటిగానే ఉన్నాయి. ఇప్పుడు ఆకుపచ్చ ముక్క. (సభలో కలకలం) టార్చి పెట్టింది నడిమధ్యన, వెలిగింది మాత్రం నాలుగు అంచులు. లైట్లు వేసేయండి.

ఇప్పుడు చూసిందే ఇవాల్టి ప్రసంగం మొత్తం. మిగిలిన సమయమంతా దాన్నుంచి, కదిలే వస్తువు ఎక్కడుందో చెప్పే ఒక కొలత పరికరం ఎలా తీయాలో మాట్లాడుకుందాం.

రంగులేని ముక్కలో ఏం జరిగింది? పైనుంచి లోపలికి దూరిన కిరణం కింది తలాన్ని చేరింది. పై తలం, కింది తలం సమాంతరం కాబట్టి ఏ కోణంలో లోపలికొచ్చిందో అదే కోణంలో బయటికి పోతుంది. ఎంత ఏటవాలుగా వేసినా సరే, పైనుంచి వచ్చిన వెలుతురు ఆ రెండు తలాల మధ్య చిక్కుకోదు. ఇంటర్‌లో సంపూర్ణాంతర పరావర్తనం చదివారు కదా, యాక్రిలిక్‌కి సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు. అంటే తలానికి లంబంగా గీసిన గీత నుంచి అంతకంటే ఏటవాలుగా లోపలి నుంచి తగిలిన కిరణం బయటికి పోలేక లోపలికే తిరుగుతుంది. బయటి నుంచి వచ్చిన కిరణం లోపల ఆ 42 డిగ్రీల లోపే ఉండాలి, కాబట్టి ఎదురుగా ఉన్న తలం దాన్ని ఆపలేదు. మామూలు ఆప్టికల్ ఫైబర్‌లోకి పక్కనుంచి వెలుతురు ఎక్కించలేకపోవడానికి కారణమూ ఇదే. చివరి నుంచే ఎక్కించాలి.

ఆకుపచ్చ ముక్కలో రంగు అణువు నీలం వెలుతురును మింగేసింది. కొన్ని నానోసెకన్ల తర్వాత ఆకుపచ్చ వెలుతురుగా వదిలింది. ఆ వదిలేటప్పుడు, లోపలికొచ్చిన కిరణం ఏ దిక్కు నుంచి వచ్చిందో దానికి గుర్తుండదు. అన్ని దిక్కులకూ వదులుతుంది. అందులో ఎక్కువ భాగం 42 డిగ్రీల కంటే ఏటవాలుగా ఉంటుంది, అదంతా రెండు తలాల మధ్య చిక్కి అంచుల దాకా పరుగెత్తుతుంది. లెక్క వేస్తే పలక లాంటి షీటులో పుట్టిన వెలుతురులో దాదాపు 74 శాతం లోపలే నిలుస్తుంది. 1976లో వెబర్, లాంబే అనే ఇద్దరు ఈ లెక్కతోనే సూర్యకాంతిని పెద్ద షీటు మీద పట్టి, అంచున ఉన్న చిన్న సోలార్ సెల్ మీదికి చేర్చవచ్చని ప్రతిపాదించారు. కరెంటు తయారీలో ఆ ఆలోచన అనుకున్నంత దూరం పోలేదు. నా దృష్టిలో అది కరెంటు కంటే కొలతకే బాగా పనికొస్తుంది. ఎందుకంటే కరెంటు కావాలంటే ప్రతి ఫోటాన్‌కూ, అంటే ప్రతి వెలుతురు రేణువుకూ, లెక్క చెప్పాలి. కొలతకు ఆ బాధ లేదు, నూటికి పది అంచుకు చేరినా మన పని జరిగిపోతుంది.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లు చిటికెడు పసుపు సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, తేరుకున్నాక అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. ఐదు వందల నోటు మీద కూడా వేయండి, నంబర్లు వెలుగుతాయి. 1852లో స్టోక్స్ క్వినైన్ ద్రావణంతో చూపించింది ఇదే: మింగిన వెలుతురు కంటే వదిలే వెలుతురు తరంగదైర్ఘ్యం పొడవుగా ఉంటుంది. నీలం వేస్తే ఆకుపచ్చ వచ్చింది. మన చేతిలో ఉండే ఎర్ర లేజర్ వేస్తే ఆకుపచ్చ రాదు. రంగు మారడం అనే ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇక అసలు సంగతికొద్దాం. ఈ షీటు నుంచి మీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు ఉన్న పట్టీ కోశాం అనుకోండి. దానికి పైన, తగలకుండా, ఒక నీలం ఎల్ఈడీ అటూ ఇటూ కదులుతోంది. పట్టీకి రెండు చివర్లా, పడిన వెలుతురును కొలిచే రెండు ఫోటోడయోడ్లు. ఎల్ఈడీ ఎక్కడుందో ఈ రెండూ కలిసి చెప్పాలి.

గంగ జాతరలో ఒక వీధి ఊహించుకోండి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి ఉన్నారు. మధ్యలో ఎక్కడో డప్పు మోగుతోంది. ఈ చివరాయనకు ఎంత గట్టిగా వినబడిందో అడిగితే లాభం లేదు, డప్పు కొట్టేవాడు అలిసిపోయి మెల్లగా కొడుతుండొచ్చు. ఇద్దరికీ వినబడిన దానిలో నిష్పత్తి అడగాలి. డప్పు గట్టిగా మోగినా మెల్లగా మోగినా నిష్పత్తి మారదు, డప్పు జరిగితేనే మారుతుంది.

పట్టీలో పుట్టిన వెలుతురు ప్రయాణంలో కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుంది. కొంత రంగు అణువులే మళ్లీ మింగేస్తాయి, కొంత గీతల దగ్గర బయటికి చిందుతుంది. ఎంత దూరం పోతే సుమారు 37 శాతానికి పడిపోతుందో ఆ దూరాన్ని తగ్గుదల పొడవు అందాం. ఎడమ డయోడు విలువను కుడి డయోడు విలువతో భాగించి, సహజ సంవర్గమానం తీసి, తగ్గుదల పొడవులో సగంతో గుణిస్తే, పట్టీ నడిమధ్య నుంచి ఎల్ఈడీ ఎంత దూరంలో ఉందో వచ్చేస్తుంది. ఎల్ఈడీ ముసలిదై మసకబారినా, దాని మీద దుమ్ము పడినా, పట్టీకీ దానికీ మధ్య సందు కాస్త పెరిగినా రెండు చివర్లా ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి జవాబు చెక్కుచెదరదు.

మీలో చాలామంది ఎన్‌కోడర్ల గురించి చదివే ఉంటారు. సన్నని గీతలు లెక్కపెట్టుకుంటూ పోయే పరికరం అది. మైక్రాన్లు కావాలంటే దానికి మించింది లేదు, ఆ పోటీకి మనం పోవద్దు. కానీ మామూలు ఎన్‌కోడర్‌కు కరెంటు పోయి వచ్చిందంటే లెక్క పోతుంది, మళ్లీ మొదటి గీత దగ్గరికి పోయి ఒకటి నుంచి మొదలుపెట్టాలి. మన పట్టీకి ఆ గొడవ లేదు. కరెంటు రాగానే ఎక్కడుందో అక్కడే చెబుతుంది. పొటెన్షియోమీటర్‌కు కూడా ఈ సుగుణం ఉంది, కాకపోతే లోపల ఒకదాన్నొకటి రాసుకునే భాగం అరిగిపోతుంది. ఇక్కడ రాసుకునేదేమీ లేదు. వెలుతురు మచ్చ తన మీద ఎక్కడ పడిందో చెప్పే సిలికాన్ పొజిషన్ డయోడు, 1957లో వాల్‌మార్క్ అనే శాస్త్రవేత్త చూపించిన సూత్రంతో చేసేది, కూడా నిష్పత్తి మీదే నడుస్తుంది, చాలా చక్కని పరికరం. కానీ అది సిలికాన్ చిప్పు, మామూలుగా కొన్ని సెంటీమీటర్లు దాటదు. మీటరు కావాలంటే యాక్రిలిక్ పట్టీ చౌక.

ఎంత కచ్చితంగా చెబుతుంది? తగ్గుదల పొడవు ఒక మీటరు అనుకుందాం. నిష్పత్తిలో ఒక శాతం తేడా వస్తే జవాబులో ఐదు మిల్లీమీటర్ల తేడా. ఒక శాతంలో పదో వంతైతే అర మిల్లీమీటరు. ఇక్కడ తెలివైన విద్యార్థి ఒకరు లేచి, అయితే తగ్గుదల పొడవును పది సెంటీమీటర్లు చేస్తే కచ్చితత్వం పదింతలవుతుంది కదా సార్ అంటారు. అవుతుంది నాయనా. కానీ అప్పుడు మీటరు పట్టీలో ఈ చివర నుంచి ఆ చివరకు వెలుతురు ఇరవై రెండు వేల రెట్లు తగ్గుతుంది. దూరపు డయోడుకు మిగిలేది చీకటే. పట్టీ పొడవు ఎంతో, తగ్గుదల పొడవు కూడా సుమారు అంతే ఉండేలా చూసుకోవడం నా పద్ధతి. రంగు ఎక్కువ కలిపిన షీటు కంటికి అందంగా ఉంటుంది, పొడవాటి పట్టీకి మాత్రం పనికిరాదు.

చేసేటప్పుడు ఎదురయ్యే తిప్పలు కొన్ని చెప్తాను. పుస్తకాల్లో ఇవి ఉండవు.

మొదటిది పట్టీ అంచులు. రంపంతో కోసిన అంచు గరుకుగా ఉంటుంది, వెలుతురంతా అక్కడే చిందిపోతుంది. వాటర్ పేపర్‌తో, ముతక నుంచి నునుపుకు, తడిపి తడిపి రుద్దాలి. చివర్న ఇత్తడి సామాన్లకు మెరుగుపెట్టే బ్రాసో. ఆరు ముఖాలూ అద్దంలా వస్తే, దీర్ఘచతురస్రపు పట్టీలో పుట్టిన వెలుతురులో ఒక్కో చివరి ముఖం గుండా బయటికి రాగలిగేది గరిష్ఠంగా సుమారు 13 శాతం. నాలుగు పక్కల నుంచీ కలిపి సగం పైగా పోతుంది. ఇంకో ఇరవై రెండు శాతం ఏ ముఖం నుంచీ బయటపడలేక లోపలే తిరుగుతుంటుంది. ఫోటోడయోడును పారదర్శకమైన జిగురుతో అంటిస్తే అందులో కొంత కూడా దక్కుతుంది. జిగురులో గాలి బుడగ ఒక్కటి మిగిలినా రెండు చివర్లూ సమానంగా ఉండవు, జాగ్రత్త. బీపీడబ్ల్యూ 34 డయోడు తీసుకోండి, దాని సున్నిత భాగం మూడు మిల్లీమీటర్ల అంచుకు చక్కగా సరిపోతుంది.

రెండోది బయటి వెలుతురు. మన ఊళ్లో మే నెల ఎండ కిటికీలోంచి పడితే నీ ఎల్ఈడీ ఏ మూలకు? ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మిణుకుతుంది, అదొక గొడవ. అందుకని ఎల్ఈడీని సెకనుకు వెయ్యి సార్లో ఇంకా ఎక్కువో ఆర్పి వెలిగించి, ఆ లయలో వచ్చిన సిగ్నల్‌నే తీసుకోవాలి. వెలిగినప్పటి విలువలోంచి ఆరినప్పటి విలువ తీసేస్తే చాలావరకు పని అయిపోతుంది, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో చేసేయొచ్చు. దానికి తోడు రంగు మారడం అనే వరం ఉండనే ఉంది. డయోడు ముందు నీలాన్ని ఆపే ఫిల్టరు ముక్క పెడితే, అటూ ఇటూ తగిలి నేరుగా వచ్చే ఎల్ఈడీ వెలుతురు లోపలికి రాదు. పట్టీలో పుట్టిన ఆకుపచ్చే వస్తుంది. మామూలు ఆప్టికల్ సెన్సార్లకు మెరిసే ఇనుప భాగాల నుంచి వచ్చే దొంగ ప్రతిఫలనాలతో ఎప్పుడూ తలనొప్పే. ఇక్కడ ఆ తలనొప్పి లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎల్ఈడీ మారితే ఫరవాలేదన్నాను. డయోడు మారితే? ఒక డయోడుకు అటువైపు మోటారు వేడి తగిలి దాని స్పందన ఒక శాతం పెరిగిందనుకోండి. ఎల్ఈడీ కదలకపోయినా జవాబు ఐదు మిల్లీమీటర్లు జరుగుతుంది. నిష్పత్తి అన్నీ కాపాడుతుందన్న ధీమాతో చాలామంది దీన్ని పట్టించుకోరు. మందు చాలా తేలిక. పట్టీ మీద రెండు చోట్ల, ఈ చివరకు దగ్గర్లో ఒకటి, ఆ చివరకు దగ్గర్లో ఒకటి, కదలని ఎల్ఈడీలు బిగించండి. ముందు మొదటి కదలని ఎల్ఈడీని వెలిగించి సంవర్గమానం రాసుకోండి. తర్వాత రెండోదాన్ని, తర్వాత కదిలేదాన్ని. ఆ రెండింటి స్థానాలు మనకు తెలుసు. మూడోది ఆ రెండింటి మధ్య ఎక్కడ పడిందో చూసుకుంటే స్థానం వచ్చేస్తుంది. డయోడు మారినా, ఆంప్లిఫయర్ మారినా, ఎండకు పట్టీ తగ్గుదల పొడవే మారినా, మూడింటికీ ఒకేలా మారుతుంది కాబట్టి లెక్కలోంచి ఎగిరిపోతుంది. రెండు ఎల్ఈడీల ఖర్చుతో పరికరం తనను తానే సరిచూసుకుంటుంది. ఇది చేయకుండా ప్రాజెక్టు నా దగ్గరికి తెస్తే మార్కులు కోస్తాను. (నవ్వులు)

తగ్గుదల నిజంగా ఆ సంవర్గమానం లెక్కకు సరిపోయేలాగే ఉంటుందా అని లోతుగా ఆలోచించేవాళ్లకు అనుమానం రావాలి. ఉండదు. అణువు మింగే రంగులూ వదిలే రంగులూ కొంత కలిసిపోయి ఉంటాయి. కాబట్టి వదిలిన ఆకుపచ్చలో నీలం వైపున్న భాగాన్ని దారిలో ఇతర అణువులు ముందుగా మింగేస్తాయి, పసుపు వైపున్న భాగం దూరం పోతుంది. అందుకే ఎల్ఈడీకి దగ్గర్లో తగ్గుదల వేగంగా, దూరంలో నెమ్మదిగా ఉంటుంది. స్కేలు పక్కన పెట్టి, రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ విలువలు రాసుకుని పట్టిక తయారు చేసుకోవడమే మార్గం. అయితే ఇదే ఇబ్బందిని ఉపాయంగా కూడా మార్చుకోవచ్చు. దూరం పోయిన కొద్దీ రంగు పసుపుకు తిరుగుతుందంటే, ఒకే చివర రెండు ఫిల్టర్లతో రెండు డయోడ్లు పెట్టి, రెండు రంగుల నిష్పత్తి చూసినా దూరం తెలియాలి కదా! తెలుస్తుంది. రెండో చివరకు వైరు లాగడానికి వీల్లేని చోట ఇది బాగా పనికొస్తుంది. కచ్చితత్వం మాత్రం తక్కువే.

ఈ సూత్రం ఎంత గొప్పదో చూడాలంటే మన ఊళ్లోనే స్విమ్స్ ఆసుపత్రి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం దాకా పోతే చాలు. రోగి ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలతో బొమ్మ తీసే అక్కడి గామా కెమెరాల వెనకున్న ఆలోచన 1950ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో హాల్ యాంగర్ చేసింది. రోగికి ఇచ్చిన టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం నుంచి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం బయటికొస్తుంది. సెంటీమీటరు మందమున్న సోడియం అయొడైడ్ స్ఫటికం దాన్ని మింగి, ఒక్కో కిరణానికి సుమారు ఐదు వేల నీలి ఫోటాన్లు వదులుతుంది. స్ఫటికం వెనక ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న, కొద్దిపాటి వెలుతురును కూడా పసిగట్టే ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు వరుసగా ఉంటాయి. గొట్టం అంత లావుగా ఉన్నా, కిరణం ఎక్కడ తగిలిందో కెమెరా మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాలో చెబుతుంది. ఏ గొట్టానికి ఎంత వాటా వచ్చిందన్న నిష్పత్తి నుంచే. అంటే సెన్సారు చిన్నదైతేనే సన్నగా కొలవగలమనేది అపోహ. వెలుతురు ఎలా పంచుకుందో తెలిస్తే లావుపాటి సెన్సార్లతో కూడా సన్నగా కొలవచ్చు. మనం యాక్రిలిక్ పట్టీతో చేసేది యాంగర్ చేసినదానికి పేద చుట్టం.

ఇటీవలి పనుల్లో నాకు నచ్చినవి రెండు. 2013లో ఆస్ట్రియాలోని లింజ్‌లో కోపెల్‌హ్యూబర్, బింబర్ అనే ఇద్దరు పారదర్శకమైన ఫ్లోరసెంట్ ఫిల్ము అంచుల చుట్టూ సెన్సార్లు పెట్టి, ఫిల్ము మీద పడిన బొమ్మనే లెక్కగట్టి తిరిగి తీశారు. 2016లో ఫేస్‌బుక్ పరిశోధకులు ఫ్లోరసెంట్ ఫైబర్ల కట్టతో, ఏ దిక్కు నుంచి లేజర్ వచ్చినా పట్టుకుని సెకనుకు రెండు గిగాబిట్ల పైన సమాచారం అందుకునే రిసీవర్ చూపించారు. వాళ్లకు స్థానం అక్కర్లేదు, వేగం కావాలి. నానోసెకన్లలో వెలిగి ఆరే రంగులు కాబట్టి అది కుదిరింది.

పదార్థం సంగతి చెప్పకపోతే ఈ ఊళ్లో మాట్లాడినట్టే కాదు. ఆర్గానిక్ రంగులు బాగా మింగుతాయి, బాగా వెలుగుతాయి. కానీ ఎండలో పెడితే ఆక్సిజన్, అల్ట్రావయొలెట్ కలిసి వాటిని వెలిసిపోయేలా చేస్తాయి. ఆరుబయట సైన్‌బోర్డుల మీద ఫ్లోరసెంట్ రంగులు ఎలా పాలిపోతాయో చూసే ఉంటారు. దానికి విరుగుడు యూరోపియం లాంటి రేర్ ఎర్త్ మూలకాల అయాన్లు కలిపిన గాజు. యూరోపియం గాజు 394 నానోమీటర్ల దగ్గర వెలుతురు తీసుకుని 612 దగ్గర ఎర్రగా ఇస్తుంది. మింగే చోటుకూ వదిలే చోటుకూ అంత దూరం కాబట్టి తన వెలుతురును తనే మళ్లీ మింగే బాధ చాలా తక్కువ. ఎండకు వెలిసేది కాదు. వెలుగు మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది కాబట్టి ఎల్ఈడీ ఆరిన తర్వాత తీరిగ్గా కొలుచుకోవచ్చు, ఎల్ఈడీ నుంచి నేరుగా వచ్చే వెలుతురు బెడదే ఉండదు. లోపం ఏంటంటే, ఈ అయాన్లు వెలుతురును చాలా బలహీనంగా మింగుతాయి. పైగా గాజు పొడవాటి పట్టీగా చేయడం యాక్రిలిక్ కోసినంత తేలిక కాదు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఇలాంటి గాజుల మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. మన దగ్గరా, దేశంలో ఇతర చోట్లా ఎన్నో గాజుల వర్ణపటాలు తీసి, వాటి వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలిచి పేపర్లు రాశారు. చాలా పేపర్ల చివర్లో లేజర్లకూ డిస్‌ప్లేలకూ పనికొస్తుందని ఒక వాక్యం ఉంటుంది. ఆ గాజు ముక్కకు రెండు డయోడ్లు అంటించి చూద్దామన్న ఆలోచన మాత్రం ఎక్కువమందికి రాలేదు. లేజర్ చేయడం కష్టం. కొలబద్ద చేయడానికి ఒక పాలిటెక్నిక్ ల్యాబ్ సరిపోతుంది. భౌతికశాస్త్రం వాళ్లూ ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుకుంటే అయిపోయే పని ఇది.

ఎక్కడ వాడొచ్చు? గ్రానైట్ కోసే మిషన్ దగ్గర నీళ్లూ రాతి బురదా ఎగిరిపడుతుంటాయి. అక్కడ సన్నగీతల ఎన్‌కోడర్‌ను కాపాడడం కష్టం, మిల్లీమీటరు తెలిస్తే చాలు. పట్టీని మూసిన గాజు గొట్టంలో పెట్టేయొచ్చు. సంపులో నీటిమట్టానికి తేలే బెండు మీద ఎల్ఈడీ పెట్టొచ్చు. సోలార్ పలకలను సూర్యుడి వైపు తిప్పడానికైతే ఎల్ఈడీ కూడా అక్కర్లేదు, పట్టీకి పైన సన్నని సందు పెడితే అందులోంచి పడే ఎండ గీతే చాలు. కాకపోతే అక్కడ రంగు వెలిసిపోవడం గురించి ముందే ఆలోచించుకోవాలి.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, పట్టీని వంచితే పనిచేస్తుందా?)

మంచి ప్రశ్న అమ్మా. కొద్దిగా వంచితే పనిచేస్తుంది. బాగా వంచిన చోట వెలుతురు బయటికి చిందుతుంది, అక్కడ తగ్గుదల పెరుగుతుంది. వంపు మారకుండా ఉంటే పట్టికలో అదీ కలిసిపోతుంది. వంపు మారుతుంటే పట్టీకి బదులు ఫైబర్ వాడుకో. నీలం మింగి ఆకుపచ్చ వదిలే ఫైబర్లు కణ భౌతికశాస్త్రం వాళ్ల కోసం తయారవుతాయి, ఒక మిల్లీమీటరు మందంలో దొరుకుతాయి. కానీ ఫైబర్‌లో ఒక్కో వైపు చిక్కేది మూడు నుంచి ఐదు శాతమే, ఆంప్లిఫయర్ బాగుండాలి.

(ఒక విద్యార్థి: ఒకే పట్టీ మీద రెండు వస్తువులు కదులుతుంటే?)

రెండు ఎల్ఈడీలు ఒకేసారి వెలిగితే చిక్కే. రెండు డయోడ్లు ఇచ్చేది రెండు విలువలు, మనకు కావాల్సినవి రెండు స్థానాలు, రెండు తీవ్రతలు, మొత్తం నాలుగు. పట్టీ ఆ రెండు చోట్ల సగటు లాంటిదేదో చెబుతుంది, అది ఎవరి స్థానమూ కాదు. అందుకే వంతులవారీగా వెలిగించాలి. ఒకటి వెలిగినప్పుడు రెండోది ఆరాలి. ఒక్కో ఎల్ఈడీకి మిల్లీసెకను ఇచ్చినా ఇరవై ఎల్ఈడీల వంతు సెకనుకు యాభై సార్లు వస్తుంది. ఇందాక చెప్పిన కదలని ఎల్ఈడీలు రెండింటికీ ఆ వరసలోనే వంతు ఇవ్వండి. యూరోపియం గాజైతే మాత్రం అంత వేగంగా కుదరదు, ముందు వెలిగినదాని వెలుగు ఆరేదాకా ఆగి గానీ రెండోదాన్ని వెలిగించకూడదు.